పిల్లల పేరిట బాకీ: అనంతపురం కరువుసీమలో జీతం, మగ్గం, చట్టం

పిల్లలు పనిలోకి పోవడానికి పేదరికమే కారణమన్న మాటలో అబద్ధం లేదు గాని, ఆ మాట దగ్గరే ఆగిపోతే చరిత్రలో చాలా భాగం అర్థం కాకుండా మిగిలిపోతుంది. ఎందుకంటే ఒకే ఊరిలో, ఒకే పాటి లేమిలో ఉన్న రెండు ఇళ్లలో ఒక ఇంటి పిల్లవాడు బడికీ, రెండో ఇంటి పిల్లవాడు గొర్రెల వెంటా పోవడం అనంతపురం జిల్లాలో తరతరాలుగా కనిపిస్తూ వచ్చిన సంగతి. ఆ రెండో ఇంటి లెక్క విప్పి చూస్తే, పిల్లవాడు పనిలో చేరకముందే కొంత పైకం ఇంట్లోకి వచ్చి, అప్పటికే ఖర్చయిపోయి ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఆ పైకాన్ని మంద దగ్గర జీతమన్నా, మగ్గం దగ్గర అడ్వాన్సన్నా, దాని నడక మాత్రం ఒకటే: డబ్బు ముందు వస్తుంది, పని తర్వాత మొదలవుతుంది, లెక్క రాసుకునే పుస్తకం డబ్బు ఇచ్చినవాడి దగ్గరే ఉంటుంది.

ఈ పద్ధతి కరువు సీమకే ప్రత్యేకమైనది కాదు. మత్స్యకార సమాజాల్లో బాలల శ్రమ ఎందుకు తెగడం లేదన్న ప్రశ్నకు కూడా జవాబు చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. ఘనా దేశంలో 1965లో అకోసోంబో ఆనకట్టతో ఏర్పడిన వోల్టా సరస్సులో, నీట మునిగిన చెట్ల మోళ్లకు చిక్కుకున్న వలలను విడిపించడానికి నీళ్లలోకి దిగే పిల్లల్లో ఎందరో, దూరపు ఊళ్లలోని తల్లిదండ్రులకు కొద్దిపాటి సొమ్ము ముట్టజెప్పి పడవ యజమానులు తెచ్చుకున్నవారే. వేటలో రాబడి నిలకడగా ఉండదు, వల పడని నెలల్లో అప్పు తప్పదు, తాకట్టు పెట్టడానికి భూమి ఉండదు. అందువల్ల ఇంట్లో మిగిలిన ఒకే ఒక పూచీ పిల్లల శ్రమే అవుతుంది. సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న అనంతపురం పీఠభూమిలో చేపల స్థానంలో వానను పెట్టి చూస్తే లెక్క దాదాపు అదే.

నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డుపడటం, ఈశాన్య ఋతుపవనాల మేఘాలు తూర్పు తీరం దాటి ఇక్కడికి చేరేసరికి పలచబడిపోవడం వల్ల, ఈ జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. సగటు కంటే దాని చంచలత్వమే రైతును ఎక్కువగా కుంగదీస్తుంది. నెల రోజుల వాన రెండు రోజుల్లో కురిసి, ఆ తర్వాత నలభై రోజులు మబ్బు కూడా కనిపించని ఏళ్లు ఇక్కడ అరుదు కాదు. విజయనగర కాలం నుంచీ బుక్కపట్నం, ధర్మవరం, శింగనమల వంటి పెద్ద చెరువులను కట్టించింది ఈ చంచలత్వాన్ని కాచుకోవడానికే. చెరువు నిండిన ఏడు బెస్తలకు, అంటే చెరువులనూ ఏర్లనూ నమ్ముకుని బతికే మత్స్యకార కులంవారికి, చేతినిండా పని ఉండేది. నిండని ఏడు వల అటక ఎక్కేది, ఆ ఇంటి పిల్లలు కూడా కూలి కుటుంబాల పిల్లలతో పాటు మందల వెంటో, చేలలోకో పోవలసివచ్చేది. ఇక్కడ చేపల వృత్తి, సేద్యం, మగ్గం మూడూ ఒకే వాన మీద ఆధారపడి బతికాయి గనుక, ఏ వృత్తిలో పిల్లల కథ చెప్పినా మిగిలిన రెండూ వెంటే వస్తాయి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో దీనికి దత్తమండలాలన్న పేరు వచ్చింది. తొలి ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో, మధ్యవర్తులను తప్పించి ప్రతి రైతుతోనూ నేరుగా శిస్తు ఒప్పందం కుదుర్చుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. పాళెగాళ్ల దౌర్జన్యం నుంచి రైతుకు అది కొంత ఊరట ఇచ్చిందన్నది నిజమే. కాని శిస్తు నగదులో, గడువుకు చెల్లించవలసినది కావడంతో, పంట పోయిన ఏడు రైతు షావుకారు గుమ్మం ఎక్కక తప్పని స్థితి కూడా దానితోనే బలపడింది. భూమి ఉన్నవాడు భూమిని కుదువబెట్టి అప్పు తెచ్చుకుంటే, భూమి లేనివాడు తన రెక్కలనూ, ఆపైన తన బిడ్డల రెక్కలనూ కుదువబెట్టాడు.

1876లో మొదలై 1878 దాకా సాగిన మహాక్షామాన్ని రాయలసీమ జనం ఆ తెలుగు సంవత్సరం పేరుతో ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగమే. ప్రత్యేక జిల్లా 1882లో ఏర్పడింది. ఆ కరువులో ప్రభుత్వం రోడ్ల మీద, చెరువు గట్ల మీద నడిపిన సహాయ పనుల్లో పురుషులకూ స్త్రీలకూ ఉన్నట్టే పనిచేసే పిల్లలకు కూడా వేరే కూలి రేటు ఉండేది. కూలివాడికి రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, దానిపై కొద్దిపాటి చిల్లర చాలునని, ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి మీద ఆనాడే పెద్ద వివాదం నడిచింది గాని, మన్ను మోసేవారిలో పిల్లలుండటం మీద అంత రగడ జరిగిన జాడ లేదు. రాజ్యమే పిల్లలను కూలివాళ్ల పట్టీలో ఒక తరగతిగా రాసుకున్న చోట, ఊరి మోతుబరి అదే పని చేస్తే తప్పుపట్టేవారెవరు?

కరువు లేని ఏళ్లలో నడిచిన పద్ధతి జీతం. ఇక్కడి పల్లెల్లో జీతం అంటే నెల తిరిగేసరికి చేతికందే ఉద్యోగ వేతనం కాదు. ఒక మనిషిని ఏడాది పాటు ఒక ఇంటికి కట్టుబడేటట్టు చేసే ఒప్పందం, ఆ మనిషి జీతగాడు. ఒప్పందం చాలాచోట్ల ఉగాదికి మొదలై మళ్లీ ఉగాదికి ముగిసేది. ఆ గడువును ఎంచుకోవడంలోనే కిటుకంతా ఉంది: ఉగాది నాటికి పేదింట్లో కొర్రలూ జొన్నలూ అడుగంటి ఉంటాయి, వానలకు ఇంకా రెండు మూడు నెలలుంటుంది, విత్తనాలకూ పెళ్లిళ్లకూ డబ్బు కావలసింది అప్పుడే. ఏడాదికి మాట్లాడుకున్న మొత్తంలో పెద్ద భాగాన్ని తండ్రి ఆ రోజే తీసుకునేవాడు. పిల్లవాడికి దక్కేది రెండు పూటల సంగటి, ఏడాదికి రెండు జతల గుడ్డలు, చెప్పులు, గొర్రెల కాపరి అయితే ఒక కంబళి. కొన్నిచోట్ల డబ్బుకు బదులు ఏడాది చివర ఇన్ని గొర్రెపిల్లలని మాట్లాడుకునేవారు. అలా వచ్చిన పిల్లలను పెంచి సొంత మంద చేసుకున్న జీతగాళ్లు లేకపోలేదు, పల్లెల్లో ఈ పద్ధతికి మంచిపేరు తెచ్చినవి కూడా అటువంటి కొన్ని కథలే.

పిల్లవాడి దినచర్యను దగ్గరగా చూస్తే ఆ మంచిపేరు నిలవదు. తెల్లవారకముందే లేచి పశువుల కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, గంగాళం నింపి, చద్ది మూట కట్టుకుని మందతో గుట్ట ఎక్కితే, తిరిగి ఇల్లు చేరేది పొద్దు గుంకాకే; రాత్రి పడక కూడా ఎక్కువగా కొట్టంలోనే, ఎండాకాలం చేలల్లో మంద కట్టినప్పుడు మంద పక్కనే. ఒక గొర్రెను తోడేలు ఎత్తుకుపోతే దాని వెల అతని ఖాతాలో పడేది. జ్వరం వచ్చి పదిరోజులు పడుకుంటే ఆ పదిరోజులూ, తినిపించిన మందు ఖర్చూ అదే ఖాతాలో చేరేవి. పండక్కి తండ్రి వచ్చి అడిగి తీసుకున్న పదో పాతికో సరే సరి. ఇలా ఉగాది నాటికి తీరవలసిన బాకీ తీరక రెండో ఏటికి మళ్లేది. పెద్దవాడు ఎదిగి కూలికి పోతానంటే అతని స్థానంలో తమ్ముడు వచ్చి నిలబడేవాడు. ఈ లెక్కలో వడ్డీ అన్న మాట వినిపించకపోవచ్చు; పిల్లవాడి పనికి కట్టిన ధర పెద్దల కూలిలో చిన్న భాగం కావడమే వడ్డీ.

అడ్వాన్సు ఇచ్చి మనిషిని పట్టి ఉంచే ఈ ఏర్పాటును వలస ప్రభుత్వపు చట్టం చాలాకాలం అడ్డుకోకపోగా కాపాడింది. 1843 నాటి చట్టం బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపును తీసివేసింది; కాని 1859లో వచ్చిన పనివారి ఒప్పంద ఉల్లంఘన చట్టం, అడ్వాన్సు పుచ్చుకుని పని మానేసిన కూలివాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, పని చేయమని ఆజ్ఞాపించడానికీ, కాదంటే జైలుకు పంపడానికీ వీలు కల్పించింది. యజమాని మాట తప్పితే అది సివిలు తగాదా, కూలివాడు తప్పితే నేరం. మొదట రాజధాని నగరాలకు ఉద్దేశించిన ఈ చట్టాన్ని తర్వాత ఇతర ప్రాంతాలకూ విస్తరింపజేశారు, 1925లో గాని అది రద్దు కాలేదు. పల్లెటూరి జీతగాణ్ణి కోర్టుకు ఈడ్చవలసిన అవసరం మోతుబరికి ఎప్పుడో గాని వచ్చి ఉండదు. అడ్వాన్సు తీసుకున్నవాడు పారిపోతే తప్పు అతనిదేనన్న భావన ఊళ్లో పాతుకుపోవడానికి అటువంటి చట్టం ఒకటి ఉండటమే చాలు.

విట్లీ అధ్యక్షతన 1929లో నియమితమై 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కార్మిక కమిషన్, బీడీ, తివాచీ పనుల్లో పిల్లలను అడ్వాన్సుకు తాకట్టు పెడుతున్న సంగతిని ఎత్తిచూపిన మీదట 1933లో బాలల శ్రమ తాకట్టు చట్టం వచ్చింది. పదిహేనేళ్లలోపు బిడ్డ శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని చెప్పిన ఆ చట్టం, తండ్రికి 50 రూపాయల దాకా, యజమానికి 200 రూపాయల దాకా జరిమానా విధించింది. సరసమైన కూలి తప్ప మరే లాభమూ లేకుండా, వారం నోటీసుతో తెంచుకోదగిన ఒప్పందమైతే దానికి మినహాయింపు కూడా ఇచ్చింది. బాలల శ్రమ విషయంలో సమస్య పని మాత్రమే కాదు, ముందు తీసుకున్న సొమ్ము అని నేరుగా గుర్తించిన చట్టం బహుశా ఇదొక్కటే. ఆ తర్వాతి బాలకార్మిక చట్టాలు వయసునూ పని ప్రమాదాన్నీ కొలుస్తూ పోయాయి గాని ఇంత సూటిగా తాకట్టు మీద చూపు పెట్టలేదు. అయితే నోటిమాట మీద, ఊరి పెద్దల సమక్షంలో కుదిరే ఒప్పందాన్ని పట్టుకోవడానికి కాగితం మీది చట్టానికి చేతులెక్కడివి?

స్వాతంత్ర్యానంతరం ఈ సీమ సేద్యం స్వరూపమే మారిపోయింది. కొర్ర, జొన్న, సజ్జ పండిన ఎర్రనేలల్లోకి వేరుశనగ చొరబడి, 1960ల తర్వాత ఊపందుకుని, ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా పాకింది. తిండిగింజల సేద్యంలో విత్తనం ఇంట్లోనే ఉండేది. శనక్కాయకు విత్తనమే పెద్ద ఖర్చు, దానికి ఏటా అప్పు, ఆ అప్పు తీరడం పూర్తిగా వాన దయ. జూన్ రాకముందు ఇంటింటా విత్తనం కాయలు వలిచే పని పడేది: కాయలను తడిపి, గింజ పైపొర చెదరకుండా వేళ్లతో నొక్కి చీల్చాలి, పొర పోయిన గింజ మొలకెత్తదు. బొటనవేలి గోరు దగ్గర చర్మం రేగి నెత్తురు చెమ్మ ఊరేదాకా ఆ పని చేసినవారిలో ఆడపిల్లలే ఎక్కువ. మళ్లీ అక్టోబరు, నవంబరు నెలల్లో చెట్లు పీకడం, కాయలు తెంపడం, నేలలో మిగిలిన కాయలను తవ్వి ఏరుకోవడం. ఆ నెలల్లో పల్లె బడుల హాజరు పట్టీలు పలచబడటం ఉపాధ్యాయులకు అలవాటైన విషయం. ఇది జీతం కాదు, ఎవరూ ఎవరినీ కట్టివేయలేదు. అయినా పంట కాలం పొడవునా బడి తప్పిన పిల్ల పరీక్షల నాటికి వెనకబడి, తర్వాతి ఏడు బడి మానేసి, చివరికి అడ్వాన్సు ఇచ్చేవాడికి అందుబాటులోకి రావడానికి అది మొదటి మెట్టు అయింది.

అడ్వాన్సు పద్ధతి అన్నిటికన్నా నిక్కచ్చిగా కనిపించేది ధర్మవరం పట్టు మగ్గం దగ్గర. పదహారో శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లోని చీరల అంచులనూ బుటాలనూ నేటి నేతగాళ్లు తమ వృత్తికి మూలంగా చెప్పుకుంటారు. ఈ పట్టణపు చీరల పేరును ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా కాపాడుతోంది. ఇక్కడి పేరెన్నికగన్న నేత కుప్పడం, అంటే చీర ఒళ్లు ఒక రంగులో, అంచులు వేరే రంగులో ఉండి, రెండు రంగుల పేకపోగులూ కలిసేచోట ఒకదానికొకటి మెలిపడేటట్టు నేసే పద్ధతి. దీనికి ఒకటి కాదు, మూడు నాడెలు కావాలి. నాడె అంటే పేకనూలు కండెను మోస్తూ పడుగు మధ్యగా అటూ ఇటూ పరుగెత్తే పనిముట్టు. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న నేతగాడు ఒంటి నాడెనూ ఒక అంచు నాడెనూ విసిరితే, రెండో అంచు దగ్గర కూర్చున్న మరో మనిషి ఆ వైపు నాడెను అందుకుని, మెలి వేసి, తిరిగి విసరాలి; ఆ రెండో మనిషి లేచిపోతే మగ్గం ఆగిపోతుంది. దశాబ్దాల పాటు ఆ రెండో మనిషి పదేళ్ల పిల్లో, పన్నెండేళ్ల పిల్లవాడో.

ఈ కూర్పులో ప్రతి పోగుకూ ఒక చూపు, ఒక చేయి అవసరం గనుక సహాయకుడికి విరామమన్నది నేతగాడి ఇష్టం. గుంట తేమకు కాళ్లు మొద్దుబారడం, మసక వెలుతురులో జరీ మెరుపును తదేకంగా చూసి కళ్లు నీరు కారడం, వంగి కూర్చున్న నడుము పెరిగే వయసులోనే వంగిపోవడం ఈ పనికి అనుబంధాలు. జకాట్ పెట్టె రాకముందు బుటాల కోసం దారాలు లాగడానికి మరికొందరు పిల్లలు ఉండేవారు; జకాట్ వచ్చి ఆ పని తీసేసినా, అంచు దగ్గరి మనిషిని మాత్రం తీసేయలేకపోయింది. ఇళ్లలో రాట్నం మీద కండెలు చుట్టడం, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను వేలకొద్దీ ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం ఆడవాళ్లూ ఆడపిల్లలూ చేసే పని, దానికి విడిగా కూలి కట్టే అలవాటు చాలా ఇళ్లలో లేదు. పిల్లల సన్నని వేళ్లకే ఈ పని సాధ్యమన్న వాదన ఒకటి చాలాకాలం చలామణీ అయింది. నేతలో అత్యంత సూక్ష్మమైన చీరలను నేసేది నడివయసు నేతగాళ్లే అన్న ఒక్క సంగతి చాలు, ఆ వాదన వేళ్ల గురించి కాదనీ, కూలి గురించనీ తేలడానికి.

డబ్బు దారి ఇక్కడ గొలుసులా సాగుతుంది. పట్టునూ జరీనీ ఇచ్చి, నేసిన చీరను తీసుకుని, చీరకింత అని మజూరీ కట్టే వ్యాపారిని మాస్టర్ వీవర్ అంటారు. అతను నేతగాడికి మగ్గం పెట్టుకోవడానికో, ఇంటి అవసరానికో అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా నేతగాడు మరొకరికి నేయలేడు. నేతగాడు తన మగ్గానికి సహాయకుణ్ణి ఖాయం చేసుకోవడానికి అడ్వాన్సులో కొంతను కూలి కుటుంబానికి ముట్టజెబుతాడు. అది తీరేదాకా ఆ ఇంటి పిల్ల మరో మగ్గం ఎక్కలేదు. చీర ధర బజారులో పడిపోతే మజూరీ తగ్గుతుంది, మజూరీ తగ్గితే నేతగాడి బాకీ నిలుస్తుంది, ఆ భారం గొలుసు చివరన ఉన్న పిల్లమీదకు జారుతుంది. దోపిడీ చేసేవాడు ఎవరని వెతికితే ఎదురుగా కనిపించేది కూడా బాకీలో మునిగిన నేతగాడే. ఈ వ్యవస్థ ఇంతకాలం నిలవడానికి ఇదొక ముఖ్య కారణం. కేసు పెట్టదలచిన అధికారి చేతికి చిక్కేవాడు ఎప్పుడూ చిన్నవాడే.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశంలోని రకరకాల కట్టుబానిసత్వాలను పేరుపేరునా పేర్కొంది, ఆ జాబితాలో జీతం, పాలేరు, వెట్టి అన్న మన పేర్లూ ఉన్నాయి. బాకీలన్నీ రద్దయినట్టే అది ప్రకటించింది. 1986 నాటి బాలకార్మిక చట్టం బట్టల నేత, అద్దకం పనులను పద్నాలుగేళ్లలోపు పిల్లలకు నిషేధించిన జాబితాలో చేర్చింది. అదే చట్టం, కుటుంబ సభ్యుల సాయంతో నడిచే కార్ఖానాకు ఈ నిషేధం వర్తించదనీ చెప్పింది. గుంట మగ్గం నేతగాడి ఇంట్లోనే ఉంటుంది. తనిఖీ అధికారి వచ్చినప్పుడు అంచు దగ్గర కూర్చున్న పిల్ల అన్న కూతురో, అక్క కూతురో అయిపోవడానికి ఎంతసేపు? 1996 డిసెంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, పిల్లను ప్రమాదకర పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లకు 20 వేల రూపాయలు చెల్లించాలనీ, ప్రభుత్వం ఆ కుటుంబంలోని పెద్దకు పని చూపాలనీ, చూపలేకపోతే తానే 5 వేలు జమచేయాలనీ ఆదేశించింది. పిల్ల స్థానంలో పెద్దకు రాబడి చూపాలన్న ఆలోచన ఈ తీర్పులో ఉంది గాని, ఆ సొమ్ము మీద వచ్చే వడ్డీ మాత్రమే కుటుంబానికి చేరే ఏర్పాటు, ఒకేసారి పెద్ద మొత్తం చేతిలో పెట్టే షావుకారు ముందు నిలవలేకపోయింది.

1991 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద పనిచేసే పిల్లలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. సంఖ్య 16 లక్షలు దాటింది. 2001 నాటికి అది 13 లక్షల పైచిలుకుకూ, 2011 నాటికి 4 లక్షల చిల్లరకూ తగ్గింది. ఇంటి దగ్గర చెల్లెలిని ఎత్తుకుని, వంట చేసి, నీళ్లు మోసే ఆడపిల్లను జనాభా లెక్క పనిచేసే మనిషిగా రాసుకోదన్నది గుర్తుంచుకున్నా, తగ్గుదల నిజమైనదే. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రంతో శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లా నుంచి నడిపిన ఉద్యమం రాష్ట్ర విధానాన్నే మార్చింది. 1969లో విసెంట్ ఫెర్రర్ అనంతపురంలో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దళిత వాడల్లో సాయంకాలపు బడులు నడిపింది. 2003 నుంచి మధ్యాహ్న భోజనం రాష్ట్రమంతటా అమలయింది. పిల్లవాణ్ణి జీతానికి పెట్టడంలో ఇంటికి ఒక పొట్ట తగ్గడమూ ఒక లాభమే గనుక, బడిలో దొరికిన ఒక పూట భోజనం ఆ లాభాన్ని నేరుగా తగ్గించింది.

అన్నిటికన్నా లోతుగా తాకినది బహుశా 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఉపాధి హామీ పథకం. ఉగాదికీ తొలకరికీ మధ్యనున్న ఎండు నెలల్లో, సరిగ్గా జీతం ఒప్పందాలు కుదిరే సమయంలో, షావుకారు కానివాడి నుంచి పెద్దవాళ్లకు కూలి రావడం ఈ సీమలో అంతకుముందు కరువు పనుల రోజుల్లో తప్ప జరగలేదు. అయితే ఈ మార్పుకు మరో ముఖం కూడా ఉంది: తల్లి పనికి పోయిన ఇంట్లో ఆమె పనిని పద్నాలుగేళ్ల కూతురు అందుకోవడం, కూలి బిల్లులు ఆలస్యమైనప్పుడు కుటుంబం బెంగళూరు బస్సెక్కితే పిల్లల చదువు మధ్యలో తెగిపోవడం. బాలల జీవితాలను 2002 నుంచి ఏళ్ల తరబడి వెంటాడి పరిశీలించిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. పిల్లల్లో అధికులు బడినీ పనినీ రెండింటినీ మోస్తున్నారనీ, ఇంటిపని గంటలు ఆడపిల్లల మీదే ఎక్కువగా పడుతున్నాయనీ ఆ పరిశీలన చూపింది.

గొర్రెల మంద దగ్గర పదేళ్ల జీతగాడు ఇప్పుడు అరుదు. మరమగ్గాల పోటీతో ధర్మవరంలో చేతిమగ్గాలే తగ్గిపోయి, అంచు దగ్గర ఇప్పుడు తరచుగా కూర్చుంటున్నది నేతగాడి భార్యే. అయినా బాలకార్మిక చట్టంలో కుటుంబ పనికి వదిలిన పాత సందు మూసుకుపోలేదు. 2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను అన్ని పనుల్లోనూ నిషేధించింది గాని, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునని అనుమతించింది; సాయం ఎక్కడ ముగిసి పని ఎక్కడ మొదలవుతుందో మగ్గం గుంటలో కూర్చున్న పిల్లకే తెలియాలి. అదే ఏడు సవరించిన కేంద్ర పునరావాస పథకం, వెట్టి నుంచి విడుదలైన పిల్లలకూ స్త్రీలకూ రెండు లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అందులో తక్షణం అందేది కొద్ది భాగమే, మిగిలినది యజమానిపై నేర నిర్ధారణతో ముడిపడి ఉంది. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా విత్తనాల కాలం ఏటా వస్తూనే ఉంటుంది, విత్తనాలకు అప్పు ఇచ్చేవాడు ఊళ్లోనే ఉంటాడు.